ఇంజిన్ కూలింగ్ పాఠాలు – 4: థర్మోస్టాట్ పీకించేయకండి

పోయిన పాఠంలో వాటర్ పంపు గురించి చెప్పుకున్నాం. పంపు కూలెంట్‌ను, అంటే ఇంజిన్ వేడిని మోసుకెళ్లే ద్రవాన్ని, తిప్పుతుంది. అయితే ఆ కూలెంట్‌లో, వేడిని గాలికి వదిలే రేడియేటర్‌కు ఎంత పోవాలో, ఎప్పుడు పోవాలో తేల్చేది థర్మోస్టాట్.

ఎండాకాలం వచ్చిందంటే చాలా షెడ్లలో ఒక మాట వినిపిస్తుంది: "మన ఎండలకు ఇది అక్కర్లేదు సార్, తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది." ఈ సలహా దయచేసి వినకండి. ఎందుకు వద్దంటున్నానో అర్థం కావాలంటే ముందు దాని పనితీరు తెలియాలి.

థర్మోస్టాట్ అరచేతిలో ఇమిడే వాల్వు. దాని మధ్యలో చిన్న లోహపు గొట్టం, అందులో గట్టిగా కూరిన మైనం ఉంటాయి. చుట్టూ ఉన్న కూలెంట్ వేడెక్కితే మైనం కరిగి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి కడ్డీ కదిలి వాల్వు తెరుచుకుంటుంది. చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. కొన్ని కొత్త ఇంజిన్లలో మైనానికి కరెంటు హీటరు కూడా ఉంటుంది. వాటి జోలికి ఈ పాఠంలో పోవడం లేదు.

థర్మోస్టాట్ మీద 82 అనో 88 అనో ఒక అంకె ముద్రించి ఉంటుంది. అన్ని డిగ్రీల దగ్గర వాల్వు తెరుచుకోవడం మొదలవుతుందని అర్థం. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో 10–15 డిగ్రీలు కావాలి. అంటే 90 డిగ్రీల దగ్గర వాల్వు సగమే తెరుచుకుని ఉండటం లోపం కాదు.

ఇంజిన్ చల్లగా ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. కాలని పెట్రోలు పిస్టన్ రింగుల పక్కనుంచి దిగి ఆయిల్‌ను పలచబరుస్తుంది. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరై పోక మడ్డి కడుతుంది. ఈ నష్టం నెలల తరబడి బయటికి కనిపించదు. అందుకే షెడ్డులో ఇచ్చిన సలహా సరైనదేనని అందరూ నమ్ముతారు.

ఇంకో సంగతి ఉంది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది. చాలా ఇంజిన్లలో రేడియేటర్‌కు పోకుండా కూలెంట్‌ను నేరుగా పంపుకు తిప్పి పంపే బైపాస్ దారి ఒకటి ఉంటుంది. కొన్ని థర్మోస్టాట్లకు అడుగున రెండో పళ్లెం ఉంటుంది. పై వాల్వు తెరుచుకునే కొద్దీ ఆ పళ్లెం బైపాస్‌ను మూస్తుంది. అలాంటి థర్మోస్టాట్ తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి కూలెంట్‌లో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగొస్తుంది. చల్లగా ఉంటుందని తీయిస్తే, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బండి ఓవర్‌హీట్ అవుతుంది.

పాడైందని ఎలా తెలుస్తుంది? మూసుకుని బిగుసుకుపోతే, బండి తీసిన కాసేపటికే టెంపరేచర్ మీటరు ముల్లు ఎరుపు వైపు ఎగబాకుతుంది, రేడియేటర్ మాత్రం చల్లగానే ఉంటుంది. వెంటనే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. ఇంకాస్త దూరమే కదా అని నడిపితే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోతుంది. తెరిచే ఉండిపోతే, హైవే మీద ముల్లు మధ్యకు రాదు. విజయవాడ మే నెల ట్రాఫిక్‌లో ఈ లోపం దాదాపు తెలియదు. అదే బండిని డిసెంబరులో లంబసింగి తీసుకెళ్తే హీటర్ వేడిగాలి ఇవ్వదు. లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పీ0128 (ఇంజిన్ చాలినంత వేడెక్కడం లేదు) కోడ్ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే, దాంతోపాటు కూలెంట్ తగ్గిందేమో కూడా చూడండి.

ఇక అభ్యాసం. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. వేడి మీద తీస్తే ఒత్తిడికి మరిగే కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది. దించిన కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలో పోయండి. అది విషం, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి. థర్మోస్టాట్ కూర్చునే హౌసింగ్ బోల్టులు విప్పి, థర్మోస్టాట్ ఎటు తిరిగి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే బయటికి లాగండి.

వంటకు మళ్లీ వాడని గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీయండి. అది గానీ థర్మామీటర్ గానీ గిన్నె అడుగుకు తగలకూడదు. సన్నమంట మీద నీళ్లు కలుపుతూ వేడిచేయండి. ముద్రించిన అంకెకు అటూ ఇటూగా వాల్వు కదలాలి, చల్లారితే పూర్తిగా మూసుకోవాలి. మరిగే నీళ్లలోనూ కదలకపోతే, లేదా చల్లారాక కూడా సందు మిగిలితే కొత్తది వేయండి. రిపేరుకు ప్రయత్నించకండి.

బిగించేటప్పుడు మైనం గొట్టం ఉన్న వైపు ఇంజిన్ వైపుకు ఉండాలి. గాలి పోయే చిన్న రంధ్రం ఉంటే దాన్ని పైకి పెట్టండి. పాత గాస్కెట్ గానీ ఓ-రింగ్ గానీ మళ్లీ వాడొద్దు. కుళాయి నీళ్లు పోస్తే సున్నపు పొర కట్టి వాల్వు మళ్లీ బిగుసుకుపోతుంది, కాబట్టి కంపెనీ చెప్పిన రకం కూలెంటే పోయండి. అది గాఢంగా ఉంటే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. సిస్టమ్‌లో గాలి లేకుండా తీసి, మర్నాడు పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకముందు కూలెంట్ మట్టం చూడండి. తగ్గితే నింపండి. రెండోరోజూ తగ్గితే హౌసింగ్ అంచు తడిగా ఉందేమో వెతకండి.

వచ్చే పాఠంలో రేడియేటర్ ఫ్యాన్, దాని స్విచ్.