వైజాగ్‌లో గన్‌ప్లా: రోబో కిట్‌ను శుభ్రంగా కట్టి, మనకు నచ్చినట్టు మార్చుకోవడం ఎలా?

మా మేనల్లుడు తన మొదటి కిట్ పెట్టె తెరిచిన రోజు, మూత పక్కన పెట్టగానే ముక్కలన్నీ ఒకేసారి తెంపేద్దామన్నాడు. "మావయ్యా, అన్నీ తెంపి కుప్ప పోసుకుంటే తొందరగా అయిపోద్ది కదా!" అని వాడి లెక్క. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ పూట వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నాను. మొదటి కిట్‌కు రంగుల జోలికి వెళ్లొద్దు, ముక్కను మచ్చ పడకుండా తెంపడం వస్తే చాలు. రెండో కిట్‌లో ఏదో ఒక్కటి మార్చండి. మొదటి కిట్‌లోనే అన్నీ చేసేద్దామని కూర్చున్నవాళ్ల పెట్టెలు సగంలోనే అటకెక్కడం నేను చాలాసార్లు చూశాను.

ఏ కిట్ తీసుకోవాలి?

గన్‌ప్లా అంటే గండమ్ ప్లాస్టిక్ మోడల్. ఈ పేరు చెబితే మా అమ్మ "శుభమా అని బొమ్మ కొనుక్కుంటూ గండం ఏమిట్రా" అంది. గండమ్ అనేది 1979లో జపాన్ టీవీలో వచ్చిన యానిమేషన్ సీరియల్‌లోని రోబో పేరు. మరుసటి ఏడాది జూలైలో బండాయ్ కంపెనీ దాని మొదటి కిట్‌ను 300 యెన్లకు అమ్మింది. అప్పటి కిట్లకు జిగురు, రంగు తప్పనిసరి. ఇప్పటివాటిలో చాలామటుకు ముక్కలు వాటి రంగుల్లోనే పోతపోసి వస్తాయి, నొక్కితే ఒకదాంట్లో ఒకటి బిగుసుకుంటాయి.

పెట్టె మీద స్కేలు చూడండి. కథలో ఆ గండమ్ ఎత్తు 18 మీటర్లు. 1/144 స్కేలులో అది పన్నెండున్నర సెంటీమీటర్లు అవుతుంది. హై గ్రేడ్ కిట్లు ఎక్కువగా ఈ సైజువే. మాస్టర్ గ్రేడ్ 1/100, అంటే 18 సెంటీమీటర్లు. పర్ఫెక్ట్ గ్రేడ్ 1/60, దాదాపు 30 సెంటీమీటర్లు. రియల్ గ్రేడ్ మళ్లీ 1/144 సైజే కానీ ముక్కలు మరీ చిన్నవి, మొదటిసారికి వద్దు. పదేళ్ల పిల్లలకైతే ఎంట్రీ గ్రేడ్ మంచిది, దాని ముక్కలు చేత్తోనే ఊడివస్తాయి. పెద్దవాళ్లు హై గ్రేడ్‌తో మొదలుపెట్టవచ్చు. మార్పులు చేయాలన్న కోరిక ముందునుంచే ఉంటే జాకు కొనమంటాను. ఒంటికన్ను, ఆకుపచ్చ ఒళ్లు, గుండ్రటి భుజకవచం ఉన్న ఆ శత్రుపక్షం రోబోకు గీతలు, తుప్పు భలే నప్పుతాయి.

సామాను

ముక్కలు తెంపే చిన్న కట్టర్‌ను నిప్పర్ అంటారు, మంచిది ఒకటి కొనండి. ఎలక్ట్రీషియన్ కటింగ్ ప్లయర్ పనికిరాదు, దాని దవడలు మందంగా ఉండి ప్లాస్టిక్‌ను కోయడానికి బదులు నలిపేస్తాయి. మొబైల్ రిపేరు వాళ్లు వాడే, ఒకవైపు సమతలంగా ఉండే చిన్న కట్టర్ కూడా నడుస్తుంది. పెన్నులా పట్టుకునే సన్న బ్లేడు కత్తి, కటింగ్ మ్యాట్ ఉండాలి. వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం కోసం హాబీ షాపు వెతుక్కోనక్కర్లేదు. కార్లకు పెయింటింగ్ సామాను అమ్మే షాపుల్లో 400, 600, 800, 1000 నెంబర్లు షీట్లుగా దొరుకుతాయి.

ఇంట్లోంచి అంచున్న స్టీలు పళ్లెం ఒకటి తెచ్చుకోండి. ముక్కలు దాని మీదే తెంపితే ఎగిరి మంచం కిందకు పోవు. అయినా ఏదైనా పడిపోతే లైటు ఆర్పి, టార్చిని నేలకు ఆనించి వెలిగించండి. ఆవగింజంత ముక్కకు కూడా పొడుగాటి నీడ పడి దొరికిపోతుంది.

ఇక మన ఊరి సంగతి. ఉప్పుగాలికి నిప్పర్ అంచు చూస్తుండగానే తుప్పు పడుతుంది. పని అయ్యాక కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క గుడ్డకు అద్ది తుడిచి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

ముక్కను తెంపడం

ముక్కలన్నీ రన్నర్ అనే చట్రానికి వేలాడుతూ వస్తాయి. ముక్కకూ చట్రానికీ మధ్య ఉండే సన్నటి కాడను గేట్ అంటారు. చట్రానికి అక్షరం, ముక్కకు అంకె ఉంటాయి. మాన్యువల్‌లో బొమ్మ పక్కన ఆ రెండూ రాసి ఉంటాయి కాబట్టి జపనీస్ రాకపోయినా ఇబ్బంది లేదు. అన్నీ ముందే తెంపితే ఈ గుర్తులు పోతాయి. కుడి మోచేయి ఏదో ఎడమది ఏదో తేలదు. మా వాణ్ని ఆపింది అందుకే. ఒక మెట్టుకు కావలసిన ముక్కలే తెంపాలి.

రెండు కోతల్లో తెంపండి. మొదటి కోత ముక్కకు దూరంగా, చట్రం పక్కన. అప్పుడు ముక్కకు మూడు నాలుగు మిల్లీమీటర్ల కాడ మిగులుతుంది. రెండో కోతలో నిప్పర్ సమతల భాగాన్ని ముక్క వైపు ఉంచి, అర మిల్లీమీటరో ఒక మిల్లీమీటరో వదిలి తెంపండి. మొదటిసారే ముక్కకు ఆనించి కోస్తే ఏమవుతుందో చూడండి. చట్రం బరువంతా ఆ కాడ మీదే ఉంటుంది, కోత పడుతుండగా అది వంగుతుంది, ప్లాస్టిక్ సాగి తెల్లటి మచ్చ పడుతుంది. ఆ తెలుపు రంగు కాదు. సాగిన చోట కంటికి కనిపించనంత చిన్న ఖాళీలు ఏర్పడి వెలుతురును చెదరగొడతాయి. తెల్ల ముక్క మీద పెద్దగా తెలియదు. జాకు ఆకుపచ్చ మీద మాత్రం సున్నం చుక్కలా కనిపిస్తుంది. పైపైన ఉన్న మచ్చయితే గోటి వెనక భాగంతో గట్టిగా రుద్దితే చాలావరకు తగ్గుతుంది. లోతుకు దిగితే రంగు వేయడమే దారి.

మిగిలిన ఆ చిన్న బొడిపెను కత్తితో పలుచటి పొరలుగా చెక్కండి. బ్లేడు ఎప్పుడూ బొటనవేలికి ఎదురుగా రాకూడదు. తర్వాత 400తో మొదలుపెట్టి 600, 800, 1000 వరుసగా రుద్దండి. పేపర్‌ను చిన్న చతురస్రాలుగా కత్తిరించి, ఐస్‌క్రీమ్ పుల్లకు అంటించుకుంటే అంచులు గుండ్రంగా అరిగిపోవు. నీళ్లతో తడిపి రుద్దితే పొడి గాల్లోకి లేవదు, ఊపిరితిత్తులకు మంచిది. మా వాడికి మొదటి మోచేయి శుభ్రం చేయడానికి పది నిమిషాలు పట్టింది. వేలు పెట్టి తడిమి చూసి "ఎక్కడ కోశానో నాకే తెలీట్లేదు" అన్నాడు. ఆ మాట వచ్చేదాకా తర్వాతి ముక్కకు వెళ్లొద్దు.

బిగించడం

కాళ్లు, నడుము, ఛాతీ, చేతులు, తల. మాన్యువల్ ఏ వరస చెబితే ఆ వరస. చాలా కిట్లలో కీళ్ల లోపల పెట్టడానికి పాలీక్యాప్‌లనే మెత్తటి ప్లాస్టిక్ తొడుగులు వస్తాయి. రెండు సగాలు మూసే ముందు ఆ తొడుగు లోపల ఉందా, సరైన దిశలో ఉందా అని ఒకసారి చూసుకోండి. తర్వాత రంగు వేయాలనుకునే ముక్కలను పూర్తిగా నొక్కకండి. లోపలి పిన్ను కొసను ఏటవాలుగా కొద్దిగా కోస్తే వదులుగా కూర్చుంటాయి, మళ్లీ విప్పడం తేలిక.

కవచం మీద రేకుల అతుకుల్లా కనిపించే ప్యానెల్ గీతల్లో సన్నటి మార్కర్‌తో గీసి, పక్కకు పోయిన సిరాను కాటన్ బడ్‌తో తుడిచేయండి. తెల్ల ముక్కలకు బూడిద రంగు, ఎరుపు, పసుపులకు గోధుమ, ముదురు రంగులకు నలుపు. తెలుపు మీద నలుపు గీస్తే కార్టూన్ బొమ్మలా ఉంటుంది. ఎనామిల్ థిన్నర్ కలిపిన పలుచటి సిరా గీతల్లోకి దానంతటదే పాకుతుంది, చూడ్డానికి ముచ్చటగానూ ఉంటుంది. కానీ బిగించి ఉన్న ముక్కలో అది లోపలికి దిగితే ప్లాస్టిక్ పగులుతుంది. నా రెండో కిట్‌కు భుజం కీలు అలాగే విరిగింది. ముందు మెరుపునిచ్చే గ్లాస్ (gloss) కోటు వేసి, ముక్కలు విడదీసి ఉన్నప్పుడే వాడండి.

మ్యాట్ కోటు, మన తేమ

కొత్తగా కట్టిన రోబో ప్లాస్టిక్‌లా మెరుస్తుంది. దాని మీద మ్యాట్ స్ప్రే పలుచగా పడగానే ఇనుములా కనిపిస్తుంది. ఈ ఒక్క పనితో వచ్చేంత తేడా ఇంకే పనితోనూ రాదు. వైజాగ్‌లో దెబ్బతినేది కూడా ఇక్కడే. మన దగ్గర గాలిలో తేమ 70 శాతం దాటడం మామూలు విషయం. స్ప్రేలోని ద్రావకం ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ సన్నటి చుక్కలుగా చేరి పొరలో చిక్కుకుంటుంది. ముక్క బూజు పట్టినట్టు తెల్లబడుతుంది. ఒక ఆగస్టు సాయంత్రం, వాన వెలిసింది కదా అని మేడ మీదకు వెళ్లి కొట్టాను. వారం రోజుల పని పాలపొగ కప్పినట్టయింది. పొడి వాతావరణం వచ్చాక మళ్లీ పలుచగా ఒక గ్లాస్ కోటు, దాని మీద మ్యాట్ కొడితే చాలామటుకు తేరుకుంది.

అప్పటినుంచి గాలిలో తేమ చూపే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ చూడందే డబ్బా ఊపను. 60 శాతం లోపు ఉంటే నిశ్చింత, 70 దాటితే ఆ రోజుకు వద్దు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఎండ ఎక్కాక 11 గంటల తర్వాత మంచి సమయం. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, ముక్క బయట మొదలుపెట్టి ముక్క బయట ముగిసేలా, ఒక్కో విసురు చొప్పున కొట్టండి. ఒక్కసారే తడిసిపోయేలా కొట్టొద్దు. మాస్క్ తప్పదు, మూసిన గదిలో అసలే వద్దు. ముందుగా ఖాళీ రన్నర్ మీద కొట్టి చూడండి. వానాకాలంలో ఆగలేకపోతే నీటితో పలుచన చేసే యాక్రిలిక్ మ్యాట్ వార్నిష్‌ను మెత్తటి బ్రష్‌తో వేయవచ్చు.

ఇక మార్పులు

అన్నిటికంటే ముందు అతుకు గీతను మాయం చేయడం నేర్చుకోండి. కాలు రెండు సగాలుగా వస్తుంది కాబట్టి మధ్యలో గీత మిగులుతుంది. రెండు అంచులకూ ప్లాస్టిక్ సిమెంటు, అంటే ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు రాసి, కొన్ని క్షణాలు ఆగి గట్టిగా నొక్కండి. కరిగిన ప్లాస్టిక్ అతుకు పొడవునా సన్నటి పూసలా ఉబికి రావాలి. అది రాకపోతే గీత పోదు. క్లిప్పు పెట్టి కనీసం రెండు రోజులు వదిలేసి, తర్వాత రుద్దండి. ఫెవిక్విక్ ఇక్కడ వద్దు, దాని పొర ప్లాస్టిక్‌తో సమానంగా అరగదు, చుట్టూ తెల్లటి పొగమచ్చ కూడా వదులుతుంది. గుంటలు మిగిలితే అదే రంగు రన్నర్‌ను సన్నగా తరిగి కొద్దిపాటి సిమెంటులో రాత్రంతా నానబెట్టండి. ముద్దలా అవుతుంది, అదే పుట్టీ.

మిగిలిన రన్నర్లు పారేయకండి. ఒక ముక్కను కొవ్వొత్తి మంటకు పైన, తగలకుండా పట్టుకుని తిప్పుతూ ఉంటే మెత్తబడుతుంది. మంట నుంచి తీసి రెండు చేతులా మెల్లగా లాగితే వెంట్రుకంత దారం వస్తుంది. రోబో తలకు యాంటెన్నా అదే. అర మిల్లీమీటరు మందం ఉన్న స్టైరీన్ ప్లాస్టిక్ షీట్‌ను చిన్న చతురస్రాలుగా కోసి కవచం మీద అంటిస్తే అదనపు రేకులు బిగించినట్టు ఉంటుంది. కొత్త ప్యానెల్ గీత కావాలంటే మందపాటి టేపు అంటించి, దాని అంచు వెంట బ్లేడు వెనక భాగంతో చాలా తేలిగ్గా, పది పదిహేనుసార్లు లాగండి. ఒక్కసారే లోతుగా గీయాలని చూస్తే చెయ్యి జారుతుంది.

నేను జాకును హార్బరులో పని చేసే యంత్రంగా మార్చాను. చేతిలో తుపాకీ తీసేసి, పాత గొలుసు ముక్కతో కొక్కెం వేలాడదీశాను. రంగు వేసే ముందు ముక్కలను గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగి, ప్రైమర్ కొట్టి, పడవ అడుగున వేసే ఎరుపు రంగు పలుచగా మూడు పూతలు వేశాను. తుప్పు ఎలా వేయాలో చూడ్డానికి ఒక ఉదయం ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. మీరూ వెళ్లండి. తుప్పు అన్ని చోట్లా పట్టదు. లంగరు గొలుసు రాసుకునే చోట, ఇనుప మేకు కింద, నీళ్లు నిలిచే మూలలో పుడుతుంది. అక్కడినుంచి కిందకే కారుతుంది, కిందకు పోయేకొద్దీ సన్నబడి మాయమవుతుంది. ముదురు గోధుమ ఆయిల్ పెయింట్ చుక్క ఒకటి మేకు దగ్గర పెట్టి, టర్పెంటైన్‌తో కాస్త తడిపిన బ్రష్‌తో కిందకు లాగితే అచ్చం అదే చార వస్తుంది.

రంగు రాలిన మచ్చలకు ప్యాకింగ్ స్పాంజి ముక్క చాలు. రంగులో అద్ది, కాగితం మీద దాదాపు అంతా వదిలించి, అంచుల మీద మాత్రమే తాకించండి. చెయ్యి ఆపుకోవడమే ఇక్కడ కష్టం. ఒక లెక్క పెట్టుకోండి: 1/144లో ఒక మిల్లీమీటరు మచ్చంటే నిజంలో పద్నాలుగు సెంటీమీటర్ల పైన, జానెడులో సగానికి పైనే. స్కేలు కంటికి అలవాటు కావాలంటే బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి పక్కన కాసేపు నిలబడండి. 91 మీటర్ల ఆ జలాంతర్గామి 1/144లో 63 సెంటీమీటర్లు, దాని పక్కన మన జాకు 12 సెంటీమీటర్లు. దూరం నుంచి చూస్తే దాని మీద ఏ మచ్చ కనిపిస్తుందో, ఏది కనిపించదో గమనించి, కనిపించేదే వేయండి.

ఆయిల్ పెయింట్ ఆరడానికి తేమ రోజుల్లో వారం పట్టినా ఆగండి. ఆ తర్వాతే చివరి మ్యాట్ కోటు. అద్దాల అల్మరాలో, సూటిగా ఎండ పడని చోట పెట్టండి. ఎండకు తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. నా కొక్కెం జాకు ప్రస్తుతం హాల్లో టీవీ పక్కన ఉంది. దాని ఎడమ పాదం మీద కారిన తుప్పు చార మా మేనల్లుడు వేసిందే.