నెప్ట్యూన్‌ను పట్టుకోవడం: చాలిస్ సగంలో ఆపిన పని

నెప్ట్యూన్ మామూలు కంటికి ఆనదు. ప్రకాశ పరిమాణం (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసక) 7.8 దరిదాపు కాబట్టి చిన్న టెలిస్కోపులో చుక్కల మధ్య మరో చుక్క, అంతే. దాన్ని పట్టిచ్చేది దాని కదలికే. 1846లో, ఈ గ్రహం ఇంకా ఎవరికీ దొరకనప్పుడు, కేంబ్రిడ్జి అబ్జర్వేటరీలో దానికోసం వెతికిన ఖగోళవేత్త జేమ్స్ చాలిస్ నమ్ముకున్నదీ దాన్నే. పద్ధతి మంచిదే.

80–100 మి.మీ. టెలిస్కోపు, ఒక డిగ్రీ ఆకాశం చూపే ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం), ఎర్ర లైటు, ఆ ఐపీస్‌లో కనిపించే ఆకాశానికి గుర్తుగా 10 సెం.మీ. వ్యాసంతో వలయం గీసిన రెండు కాగితాలు చాలు. తెలుగు నేల మీద సెప్టెంబరు మబ్బులు వదిలాక, అక్టోబరు నుంచి నవంబరు మధ్య దాకా చూడండి. డిసెంబరులో గ్రహం దాదాపు నిలిచిపోతుంది, అప్పుడీ పద్ధతి పనికిరాదు. ప్రస్తుతం అది మీన తారామండలంలో ఉంది. సరిగ్గా ఎక్కడో స్టెలేరియం అనే ఆకాశపటాల యాప్‌లో చూసుకోండి.

ముందు వలయంలో మూడు నాలుగు పెద్ద చుక్కలు పెట్టి, వాటి మధ్య త్రిభుజాలు ఊహించుకుంటూ చిన్నవి నింపండి. తేదీ, టైము రాయండి. ఐదు రాత్రుల తర్వాత అదే ఐపీస్‌తో, డయాగనల్ (ఐపీస్ ముందు వెలుగును మలుపు తిప్పే అద్దం) మార్చకుండా మళ్లీ గీయండి. అది ఒకసారి ఉండి ఒకసారి లేకపోతే కుడి ఎడమలు తారుమారై రెండు పటాలూ కలవవు. అక్టోబరులో గ్రహం రోజుకు దాదాపు ఒకటిన్నర ఆర్క్ నిమిషాలు (ఆర్క్ నిమిషం డిగ్రీలో 60వ వంతు) జరుగుతుంది. అంటే ఐదు రాత్రులకు కాగితం మీద సెంటీమీటరు పైచిలుకు.

అసలు పని పోల్చడం. చాలిస్ ఆగస్టు 4న, 12న నెప్ట్యూన్‌ను నమోదు చేశాడు కూడా. ఆగస్టు 12 జాబితాను జులై 30 జాబితాతో పోలుస్తూ 39వ చుక్క వరకు అన్నీ సరిపోయాయని ఆపేశాడు. 49వది జులై 30న అక్కడ లేదు. అదే నెప్ట్యూన్! బెర్లిన్‌లో గాలె, డారెస్ట్ అనే ఖగోళవేత్తల చేతిలో ఆ ప్రాంతపు కొత్త తారాపటం ఉంది. సెప్టెంబరు 23న ఒక్క రాత్రిలో గ్రహం దొరికి పని ముగిసింది. కాబట్టి చివరి చుక్క దాకా టిక్కు పెట్టండి.

ఒక చుక్క మాయమైందని సంబరపడొద్దు. పల్చటి మబ్బుకో వెన్నెలకో మసక చుక్కలు పోతుంటాయి. పాతచోట ఖాళీ, దగ్గర్లోనే అదే వెలుగుతో కొత్త చుక్క, రెండూ ఉండాలి.

అప్పుడు పవర్ పెంచండి. నక్షత్రం చుక్కగానే ఉంటుంది, గ్రహానికి బింబం (చిన్న గుండ్రటి పళ్లెం లాంటి రూపు) కనిపిస్తుంది. సెప్టెంబరు 29న, బెర్లిన్ కబురు ఇంకా అందకముందు, చాలిస్ ఒక చుక్కకు బింబం ఉన్నట్టుందని రాయించి, పరీక్ష తర్వాతికి వదిలేశాడు. బింబం రెండుంబావు ఆర్క్ సెకన్లే (ఆర్క్ సెకను ఆర్క్ నిమిషంలో 60వ వంతు); 15 సెం.మీ. టెలిస్కోపులో 200 రెట్ల దగ్గర నీలిఛాయతో తేలుతుంది. గాలి వణికితే నక్షత్రాలూ ఉబ్బినట్టే కనిపిస్తాయి గనక పక్కనున్న అంతే వెలుగు చుక్కతో పోల్చి చూడండి.