స్లీవ్ ఆపరేషన్ తర్వాత మూడో వారం, ఉగ్గు చెంచాతో గట్టెక్కా

మాది పర్లాకిమిడి, ఆపరేషన్ విశాఖలో చేయించుకున్నా, బరువు తగ్గడానికి జీర్ణాశయంలో ముప్పాతిక పైనే తీసేస్తారు కదా, స్లీవ్ అంటారు, అదే. మొదటి 2 వారాలు అన్నీ నీళ్లలాంటివే కాబట్టి ఎలాగో గడిచిపోయింది, మెత్తటి తిండి మొదలయ్యాకే అసలు గొడవ. మెదిపిన డాల్మా (మా ఒడిశా వైపు కూరగాయలేసి వండే పప్పు) నాలుగు చెంచాలు గబగబా మింగి పైన నీళ్లు తాగా, అంతే, ఛాతీలో రాయి అడ్డంపడ్డట్టు నొప్పి, నోట్లో నురగ, వాంతి. మూడ్రోజులు ఇదే తంతు. డైటీషియన్‌కి ఫోన్ చేస్తే తప్పు తిండిది కాదమ్మా, స్పీడుది అంది. దాంతో మా పాప ఉగ్గు చెంచా తీసుకున్నా, చెంచాకి 2 నిమిషాలు ఫోన్లో టైమర్, తిన్నాక అరగంట నీళ్లు ముట్టలేదు, వాంతులు ఆగాయి. డాల్మాలో దుంప మానేసి పప్పు ఎక్కువేయించా, రోజుకి 60 గ్రాముల ప్రోటీనన్నా పడాలి మరి (పౌడర్ లేందే అవ్వదు, ఆ వాసనంటే ఇప్పటికీ అసహ్యమే).

ఏడుపు సంగతే వేరు. రథయాత్ర రోజు అందరూ కనికా (నేతి తీపన్నం) తింటుంటే పెరట్లోకెళ్లి ఏడ్చేశా, ఆకలేసి కాదు, కలిసి కూర్చుని తినే ఆ సంబరం పోయిందని. అత్తయ్య చూసింది, ఏమీ అడగలేదు, మర్నాటి నుంచి తన కంచం నా పక్కనే పెట్టుకుని నా టైమర్ మోగితేనే ముద్ద పెట్టుకునేది. ఇప్పుడు ఎనిమిదో వారం, అన్నం చల్లారిపోతోందని మావయ్య గొణుగుడు ఇంకా ఆగలేదు.