రైల్లో సామాను పోతే ఫిర్యాదు ఎలా చేయాలి?

రైల్లో దొంగతనం జరిగితే ఫిర్యాదు కోసం మధ్యలో దిగిపోనక్కర్లేదు. టీటీఈ, కోచ్ అటెండెంట్, గార్డు దగ్గర ఎఫ్‌ఐఆర్ ఫారం ఉంటుంది. అడిగి తీసుకుని, నింపి వాళ్లకే ఇస్తే పోలీస్ స్టేషన్‌కు పంపుతారు. ఇచ్చేముందు ఎవరి ఫోన్‌తోనైనా దానికి ఫొటో తీయించుకోండి. రైల్వే హెల్ప్‌లైన్ 139కి కూడా ఫోన్ చేయండి. ఆ కాల్ ఒక్కటే చాలనుకోవద్దు. కేసు నమోదు చేసేది రాష్ట్ర పోలీసుల కింద ఉండే రైల్వే పోలీసు విభాగం, జీఆర్‌పీ.

ఫారంలో రైలు నంబరు, పీఎన్‌ఆర్, కోచ్, బెర్త్ రాయాలి. సామాను చివరిసారి ఏ స్టేషన్‌లో చూశారు, లేదని ఎక్కడ గమనించారు అన్నవి ముఖ్యం. ‘నల్ల బ్యాగు’ అని రాసి ఊరుకుంటే అలాంటివి బోగీకి పది ఉంటాయి. పక్క జిప్పు తెగిందా, పట్టీకి ఎర్రదారం కట్టారా, లోపల ఏమున్నాయి? అన్నీ రాయండి.

విశాఖ నుంచి తిరుపతి వెళ్తుంటే తునిలో పోయిందో, ఏలూరు దాటాక పోయిందో తెలియకపోవచ్చు. ఎక్కడ దిగితే అక్కడి జీఆర్‌పీ స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్) అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ ప్రకారం ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపకూడదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. అది చేతికి రానిదే స్టేషన్ నుంచి కదలొద్దు.

పోయినవాటిలో ఫోన్ ఉంటే ముందు బ్యాంకుకు చెప్పి కార్డులు, యూపీఐ ఆపించండి. తర్వాత అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తీసుకోండి. కొత్త సిమ్‌కు 24 గంటల దాకా ఎస్‌ఎంఎస్‌లు రావు, కాబట్టి ఓటీపీ రాలేదని కంగారొద్దు. ఆ తర్వాత పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబరు, ఫిర్యాదు కాపీ, గుర్తింపు కార్డు పెట్టి ఫోన్ బ్లాక్ చేయాలి. 15 అంకెల ఐఎంఈఐ ఫోన్ పెట్టె మీద ఉంటుంది. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు ఐఎంఈఐ నంబర్లూ ఇవ్వండి. అప్పుడొచ్చే రిక్వెస్ట్ ఐడీ రాసిపెట్టుకోండి. ఫోన్ దొరికాక అన్‌బ్లాక్ చేయడానికి అదే కావాలి.

పోయిన నగదుకు రైల్వే పరిహారం ఇస్తుందని మాత్రం ఆశపడొద్దు. ప్రయాణికుడు తన సామాను తాను కాపాడుకోలేకపోతే అది రైల్వే సేవాలోపం కాదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది.