లైనక్స్‌లో డెస్క్‌టాప్ ఎంచుకోవడం ఎలా? ముందు వాడి చూడండి, తర్వాతే ఎక్కించండి

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి పాత ల్యాప్‌టాప్ ఉన్న చుట్టాలందరూ నాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "లైనక్స్ వేయిస్తే మంచిదంటున్నారు, ఏది వేయమంటావు?" ఆ ఫోన్ వస్తే నాకు సంతోషమే. నెల తర్వాత వచ్చే రెండో ఫోనే బాధ. యూట్యూబ్‌లో ఎవరిదో అందమైన స్క్రీన్ చూస్తారు, తమ మెషీన్‌లో ఉన్న డెస్క్‌టాప్ మీదే దాన్ని ఎక్కిస్తారు, అది నచ్చక మూడోది ఎక్కిస్తారు, ఆఖరికి లాగిన్ దగ్గరే ఆగిపోయిన ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని మా ఇంటికి తెస్తారు. "లైనక్స్ అంటే ఇంతేనా అన్నయ్యా?" అని మా పిన్ని కొడుకు అడిగిన రోజే ఇదంతా ఒకసారి రాసిపెట్టాలనుకున్నాను.

డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటే వాల్‌పేపర్ కాదు. ప్యానెల్, మెనూ, కిటికీల అంచులు, ఫైల్ మేనేజర్, సెట్టింగ్స్, లాక్ స్క్రీన్, ఇవన్నీ కలిపి ఒక సెట్టు. కింద నడిచే లైనక్స్ ఒకటే, పైన ఈ సెట్టు మారుతుంది. ఇన్ని రకాలు ఎందుకున్నాయంటే, ఒక్కోటి ఒక్కో అవసరంలోంచి పుట్టింది. 1996లో మథియాస్ ఎట్రిచ్ కేడీఈ మొదలుపెట్టారు. దానికి ఆధారమైన క్యూటీ అనే సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అప్పట్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిబంధనలకు సరిపోయేది కాదు, అందుకని మరుసటి ఏడాది మిగెల్ దె ఇకాజా, ఫెడెరికో మేనా కలిసి గ్నోమ్ మొదలుపెట్టారు. 2011లో గ్నోమ్ 3 వచ్చి పనిచేసే పద్ధతినే మార్చేస్తే, పాత పద్ధతి వదులుకోలేనివాళ్ళు గ్నోమ్ 2ను మాటే పేరుతో కొనసాగించారు, లైనక్స్ మింట్ వాళ్ళు సినమన్ తయారుచేసుకున్నారు. అంటే ప్రతిదాని వెనకా "నా చెయ్యి ఇలా అలవాటు పడింది" అన్న మనుషులున్నారు. మీరు తేల్చుకోవాల్సింది కూడా అదే, మీ చెయ్యి దేనికి అలవాటు పడింది అని.

ముందు కావలసినవి

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, 64 బిట్ ప్రాసెసర్ ఉన్న మెషీన్, మీ ఫైళ్ళన్నిటికీ వేరే డిస్క్‌లో ఒక కాపీ. అంతే.

నేను డెబియన్ 13తోనే చెబుతాను, లైనక్స్‌ను మిగతా సాఫ్ట్‌వేర్‌తో కలిపి సిద్ధంగా ఇచ్చే పంపిణీల్లో (డిస్ట్రోల్లో) ఇదొకటి. 2025 ఆగస్టులో వచ్చింది, 32 బిట్ మెషీన్లకు దీనిలో ఇన్‌స్టాలర్ లేదు. గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ, సినమన్, మాటే, ఎల్‌ఎక్స్‌క్యూటీ, ఒక్కోదానికీ విడిగా లైవ్ ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసే ఫైల్) దొరుకుతుంది, ఎంచుకోవడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు లేదు. ఆరు నెలలకోసారి వెర్షన్ మారే పంపిణీల మీద కొత్తవాళ్ళు డెస్క్‌టాప్ ఎంచుకోకూడదని నా అభిప్రాయం. గ్నోమ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఎక్స్‌టెన్షన్లు (పైన తగిలించుకునే చిన్న ప్రోగ్రాంలు) కొన్ని పనిచేయడం మానేస్తాయి, అది చూసి జనం డెస్క్‌టాప్‌ను తిడతారు. డెబియన్ స్టేబుల్‌లో దాదాపు రెండేళ్ళు అదే వెర్షన్ ఉంటుంది, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే పనికొస్తుంది.

ఇమేజ్ దించుకుని, విండోస్‌లో అయితే రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్‌కి ఎక్కించండి. దీని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

ఆరింటిని రెండుకు తగ్గించడం

ఆరూ ప్రయత్నించక్కర్లేదు, ముందు మెషీన్‌ను చూడండి. ర్యామ్ 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ లేదా ఎల్‌ఎక్స్‌క్యూటీ. 4 జీబీ మీద గ్నోమ్ వేయకూడదు, దీని మీద నాతో వాదించకండి. వేస్తే నడుస్తుంది, నిజమే, కానీ బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచాక మనిషికి ఓపిక పోతుంది. 8 జీబీ ఉంటే ఏదైనా వేసుకోవచ్చు. 2 జీబీ అయితే ఎల్‌ఎక్స్‌క్యూటీ ఒక్కటే దారి, అప్పుడు కూడా ర్యామ్‌ను తినేది డెస్క్‌టాప్ కాదు, బ్రౌజర్. ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే డెస్క్‌టాప్ సంగతి పక్కన పెట్టి ముందు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ కొనండి. ఏ డెస్క్‌టాప్ మార్చినా రానంత వేగం దానితో వస్తుంది.

తర్వాత స్క్రీన్. చిన్న స్క్రీన్‌లో ఎక్కువ రిజల్యూషన్ ఉండి అక్షరాలు చీమల్లా కనబడుతుంటే 125 శాతమో 150 శాతమో పెద్దవి చేయాలి, ఆ పని ప్లాస్మా, గ్నోమ్ వేల్యాండ్‌లో (తెర మీద బొమ్మ చూపించే కొత్త పద్ధతి) బాగా చేస్తాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో అది తృప్తిగా కుదరదు.

ఇక అలవాటు. ఇరవై ఏళ్ళుగా విండోస్ వాడిన పెద్దవాళ్ళకు నేను సినమన్ తప్ప ఇంకోటి వేయను. కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, మొదటిరోజే ఎవరినీ అడగకుండా వాడేస్తారు. ప్రతిదీ తమకు నచ్చినట్టు మార్చుకోవాలనుకునేవాళ్ళకు ప్లాస్మా. గ్నోమ్‌లో కిటికీకి మినిమైజ్ బటన్ ఉండదు, కింద ప్యానెల్ ఉండదు. అది లోపం కాదు, కావాలని అలా కట్టారు, కీబోర్డుతో పని చేసేవాళ్ళకు హాయిగా ఉంటుంది. కానీ పది ఎక్స్‌టెన్షన్లు వేసి గ్నోమ్‌ను విండోస్‌లా మార్చుకునేవాళ్ళను చూస్తే నాకు అర్థం కాదు, ఆ పద్ధతి కావలసినవాళ్ళకు సినమన్ తయారుగా ఉంది కదా!

ఇప్పుడు మీ దగ్గర రెండు పేర్లు మిగిలి ఉండాలి. మూడు మిగిలితే మీరు నిజంగా తేల్చుకోలేదన్నమాట.

ఒక పూట మీ సొంత పని చేసి చూడండి

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి లైవ్ తీసుకోండి, ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి. మధ్యలో స్క్రీన్ లాక్ అయి పాస్‌వర్డ్ అడిగితే "లైవ్" అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో కొట్టండి. ఒక పూటంతా, అంటే నాలుగు గంటలు, మీరు రోజూ చేసే పనే చేయండి. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి యాప్‌లు నిదానంగా తెరుచుకుంటాయి, దాన్ని పట్టించుకోవద్దు. వైఫై తగిలిందా, మూత మూసి తెరిస్తే మళ్ళీ లేచిందా, ప్రింటర్ కనబడిందా, టీవీకి కేబుల్ పెడితే రెండో స్క్రీన్ వచ్చిందా, వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తే అవతలివాళ్ళకు కనబడిందా, ఇవన్నీ చూడాలి. మీరు మామూలుగా తెరిచే ట్యాబులన్నీ తెరిచాక సిస్టం మానిటర్‌లో ఖాళీ ర్యామ్ ఎంత మిగిలిందో చూడండి.

తెలుగు టైపింగ్ కూడా ఇప్పుడే చూడాలి. దీన్ని చాలామంది ఇన్‌స్టాల్ అయ్యాక చూసుకుందాంలే అని వదిలేస్తారు. గ్నోమ్‌లో ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ కలిసే వస్తుంది, సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద తెలుగు కలిపితే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ పనిచేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులకు ఐబస్‌కు ఎం17ఎన్ ప్యాకేజీ కలపాలి. ప్లాస్మాలో నేను ఐబస్ లాంటిదే అయిన ఎఫ్‌సీఐటీఎక్స్5 వాడతాను, దాన్ని సెట్టింగ్స్‌లో "వర్చువల్ కీబోర్డ్" అన్నచోట ఎంచుకోవాలి. ఆ పేరు చూసి అదేదో టచ్‌స్క్రీన్ వ్యవహారం అనుకుని వదిలేసి, ప్లాస్మాలో తెలుగు రాదని చెప్పేవాళ్ళు నాకు కనీసం ముగ్గురు తగిలారు. ఎక్స్‌ఎఫ్‌సీఈ, సినమన్‌లలో ఐబస్ వేసి, ఇన్‌పుట్ పద్ధతిగా దాన్ని ఎంచుకుని, లాగౌట్ అయి మళ్ళీ రావాలి.

వచ్చాక "శ్రీ", "క్ష", "సాఫ్ట్‌వేర్" మూడూ కొట్టండి. మూడోదానిలో "ట్", "వే" అతుక్కుపోకుండా విడిగా నిలబడాలి. బ్రౌజర్‌లో, లిబ్రెఆఫీస్‌లో, ఫైల్ పేరు మార్చేచోట, మూడుచోట్లా చూడండి. ఒకచోట వచ్చి ఇంకోచోట రాకపోవడం ఉంది.

రెండు పూటలు, రెండు డెస్క్‌టాప్‌లు. రెండో పూట అయ్యేసరికి చెయ్యి దేన్ని వెతుక్కుంటోందో మీకే తెలుస్తుంది. అప్పుడు ఆ లైవ్ పెన్‌డ్రైవ్ నుంచే ఇన్‌స్టాల్ చేసేయండి.

ఇప్పటికే ఒకటి ఉంటే: ఇక్కడే అందరూ పాడుచేసుకునేది

లైనక్స్ ఇప్పటికే ఉంది, డెస్క్‌టాప్ మాత్రం మార్చాలి. ఈ పని నెమ్మదిగా చేయండి.

నా మొదటి సలహా, ఫైళ్ళు బయటికి తీసి, మొత్తం తుడిచి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం. ఎస్‌ఎస్‌డీ మీద అరగంట పని. ఇది చేతకానివాళ్ళ పద్ధతి అనేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. పదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఎదుటివాళ్ళ మెషీన్ అయితే ఇప్పటికీ ఇదే చేస్తాను.

లేదు, ఉన్నదాని మీదే వేస్తానంటే, ముందు కొత్త యూజర్‌ను తయారుచేయండి. కొత్త డెస్క్‌టాప్‌లోకి మీ పాత యూజర్‌తో ఒక్కసారి కూడా లాగిన్ కావద్దు. ఎందుకంటే సెట్టింగ్స్ అన్నీ మీ హోమ్ ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లలో ఉంటాయి, అందులో థీమ్, ఐకాన్లు, కర్సర్, ఏ ఫైల్ ఏ యాప్‌లో తెరవాలి అన్నవి అన్ని డెస్క్‌టాప్‌లకూ ఉమ్మడి. ప్లాస్మాలోకి ఒకసారి వెళ్ళి రండి, తిరిగొచ్చాక గ్నోమ్ యాప్‌ల రంగులు మారి ఉంటాయి, ఫొటో నొక్కితే వేరే యాప్ తెరుచుకుంటుంది. కొత్త యూజర్ అయితే నచ్చకపోతే ఆ యూజర్‌ను తీసేస్తే చాలు, మీ ఇల్లు మీకు చెక్కుచెదరకుండా ఉంటుంది.

తర్వాత ఇన్‌స్టాల్ చేయడం. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) టాస్క్‌సెల్ (tasksel) అనే ప్రోగ్రాం నడిపి కావలసిన డెస్క్‌టాప్‌కు టిక్ పెట్టండి. ఉన్నదానికి ఉన్న టిక్ మాత్రం తీయకండి. తీస్తే దాన్ని తొలగించే పని కూడా అప్పుడే మొదలవుతుంది.

మధ్యలో ఒక నీలం తెర వచ్చి డిస్‌ప్లే మేనేజర్ ఏది కావాలని అడుగుతుంది: జీడీఎం3, ఎస్‌డీడీఎం, లైట్‌డీఎం. కొత్త డెస్క్‌టాప్‌కు కొత్తది ఉండాలేమో అని మార్చేస్తారు. అక్కర్లేదు. అది లాగిన్ తెర మాత్రమే, ఏదైనా దేన్నైనా తెరుస్తుంది. ఇంతకుముందు ఉన్నదాన్నే ఉంచండి. గ్నోమ్ ఒక్కటే దీనికి మినహాయింపు, అది మెషీన్‌లో ఉన్నంతకాలం జీడీఎం3 ఉండాల్సిందే, దాని లాక్ స్క్రీన్ జీడీఎం మీద ఆధారపడి ఉంటుంది. పొరపాటున మార్చి నల్లతెర వస్తే కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల లాగిన్ వస్తుంది, అక్కడ జీడీఎం3 (gdm3) ప్యాకేజీని dpkg-reconfigure ఆదేశంతో మళ్ళీ అమర్చి రీబూట్ చేయండి.

జీడీఎం3 లాగిన్ తెర అయితే యూజర్ పేరు నొక్కాక కింద మూలన పళ్ళచక్రం గుర్తు కనబడుతుంది, కొత్త డెస్క్‌టాప్‌ను అక్కడే ఎంచుకోవాలి. ఒక వారం వాడండి. మెనూలో రెండేసి ఫైల్ మేనేజర్లు, రెండేసి టెర్మినళ్ళు కనబడతాయి, కనబడనివ్వండి. వారం లోపల పాతదాన్ని తీసేయాలని తొందరపడకండి.

పాతదాన్ని తీసేయడం అన్నిటికంటే ప్రమాదం. టాస్క్ ప్యాకేజీ అనేది ఒక జాబితా లాంటిది, అది తీసేస్తే మిగతావి దాదాపు అన్నీ అలాగే ఉంటాయి. ఏమీ పోలేదే అని జనం గ్నోమ్ అన్న పేరు పక్కన నక్షత్రం గుర్తు పెట్టి, ఆ పేరుతో మొదలయ్యేవన్నీ తీసేయమంటారు, ఆ వెంటనే ఆటోరిమూవ్ (ఇక అవసరం లేదనుకున్నవన్నీ తీసేసే ఆదేశం) కూడా కొడతారు. నేనూ ఒకసారి అదే చేశాను. మా మేనమామ ల్యాప్‌టాప్, రాత్రి పదకొండు గంటలు, తొలగించేవాటి జాబితా రెండు తెరల పొడవు వచ్చింది, చదవకుండా ఎస్ అన్నాను. నెట్‌వర్క్ మేనేజర్ అందులోనే ఉంది. వైఫై పోయింది, దాన్ని మళ్ళీ దించుకోవడానికి కావలసింది ఆ వైఫైయే. పొద్దున్నే ఆయనకు ఆఫీసు పని ఉంది, ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేదు.

అందుకే చెబుతున్నాను, నక్షత్రం వాడకండి. తీసేయాల్సిన ప్యాకేజీల పేర్లు ఒక్కొక్కటిగా రాయండి. ముందు ఆప్ట్‌ను (ప్యాకేజీలు ఎక్కించే, తీసే ప్రోగ్రాం) సిమ్యులేషన్‌లో నడపండి, అంటే ఏమేం పోతాయో చూపిస్తుంది కానీ ఏదీ తీయదు. ఆ జాబితా మొత్తం చదవండి. నెట్‌వర్క్ మేనేజర్, పైప్‌వైర్ (శబ్దం), కప్స్ (ప్రింటర్), పోల్‌కిట్ (అనుమతులు), మీ డిస్‌ప్లే మేనేజర్, కొత్త డెస్క్‌టాప్‌కు సంబంధించిన ఏ పేరైనా అందులో కనబడితే ఆగిపోండి, దాన్ని ఆప్ట్ మార్క్‌తో "మాన్యువల్" అని గుర్తుపెట్టి మళ్ళీ సిమ్యులేషన్ చూడండి. ప్రశ్న అడగకుండా ఎస్ అనేసే ఆప్షన్ ఈ పనిలో వాడనే వాడొద్దు. లైవ్ పెన్‌డ్రైవ్ పక్కనే ఉంచుకోండి. డిస్క్‌లో చోటు ఉంటే అసలు తీయనే తీయకండి, నాలుగైదు జీబీ కోసం ఇంత సాహసం అవసరం లేదు.

ఆ తర్వాత

పాత యూజర్ నుంచి పత్రాలు, ఫొటోలు, డౌన్‌లోడ్లు కొత్త యూజర్‌కు తెచ్చుకోండి, దాచిన ఫోల్డర్లు తేకండి. బ్రౌజర్ బుక్‌మార్కులు కూడా ఎగుమతి చేసి తెచ్చుకోవడమే మంచిది. మొదటి రెండు వారాలు థీమ్‌లు, ఐకాన్ ప్యాక్‌లు, ఎక్స్‌టెన్షన్లు ఏవీ వేయకండి, ఏదైనా తేడా వస్తే డెస్క్‌టాప్ వల్లో మీరు వేసినదాని వల్లో తెలియాలి కదా.

ఇంట్లో పెద్దవాళ్ళ కోసం వేస్తుంటే ఇంకొక్క పని. భాష మార్చే మీటలు ఐబస్‌లో సూపర్, స్పేస్, ఎఫ్‌సీఐటీఎక్స్5లో కంట్రోల్, స్పేస్. మీరు వేసింది ఏదో దాని మీటలు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి స్క్రీన్ అంచున అంటించండి, సూపర్ అంటే విండోస్ గుర్తున్న మీట అని కూడా రాయండి.