అన్నం మానేసిన వారంలో వచ్చే నీరసం: ఏ లక్షణానికి ఏం చేయాలి?

అన్నం, ఇడ్లీ, చపాతీ మానేసి లో-కార్బ్ తిండిలోకి మారినవాళ్లు రెండో రోజుకో మూడో రోజుకో "ఒంట్లో సత్తువ లేదు" అంటారు. మెట్లెక్కితే కాళ్లు పీకుతాయి, తల దిమ్ముగా ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఇంట్లో పెద్దవాళ్లు "రెండు ముద్దలు అన్నం తిను, అదే పోతుంది" అంటారు. తింటే నిజంగానే పోతుంది. చాలామంది డైట్ అక్కడితో ఆగిపోతుంది. కానీ మొదటి వారం నీరసంలో ఎక్కువ భాగం అన్నం లేకపోవడం వల్ల కాదు, అన్నంతో పాటే పోయిన ఉప్పు వల్ల వస్తుంది. ఆ సంగతికి వచ్చే ముందు, మందులు వాడేవాళ్లు కింది భాగం తప్పక చదవాలి.

చెమటలు, వణుకు, గుండె దడ

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడేవారికి నీరసంతో పాటు ఇవి వస్తే షుగర్ పడిపోతోందని అనుమానించాలి. మందు డోసు పాత భోజనానికి తగ్గట్టే ఉంది, భోజనం మాత్రం మారిపోయింది. గ్లూకోమీటర్ 70 కంటే తక్కువ చూపిస్తే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. మీటరు దగ్గర లేకపోయినా ఈ లక్షణాలుంటే తాగేయండి. డైట్ పాడవుతుందన్న ఆలోచన అప్పుడు వద్దే వద్దు. అదే రోజు డాక్టర్‌తో మాట్లాడి డోసు సరిచేయించుకోవాలి. అసలు ఈ మాట డైట్ మొదలుపెట్టే ముందే మాట్లాడితే ఇంత దూరం రాదు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవారిది ఇంకా జాగ్రత్తగా చూడాల్సిన విషయం. ఈ మందుల మీద ఉండి పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే, మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగకపోయినా రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరగవచ్చు. నీరసంతో వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే ఇంట్లో చిట్కాలు వద్దు, ఆసుపత్రికి వెళ్లిపోవాలి. టైప్ 1 షుగర్ ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు సొంతంగా ఈ డైట్ మొదలుపెట్టకూడదు.

లేచి నిలబడితే కళ్లు తిరగడం, తలనొప్పి, కాళ్లలో బలం లేకపోవడం

పిండిపదార్థాలు బాగా తగ్గించిన మొదటి రోజుల్లో వచ్చే ఒంట్లో బాగోకపోవడాన్ని జనం కీటో ఫ్లూ అంటారు, అది ఎక్కువగా ఇదే. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు గ్లైకోజెన్ (శరీరం దాచుకునే పిండిపదార్థం) నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము తనతో దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండిలో పిండిపదార్థాలు తగ్గగానే ఆ నిల్వ కరుగుతుంది, నీరూ పోతుంది. మొదటి వారంలో కిలో, రెండు కిలోలు తగ్గామని సంబరపడే బరువులో చాలావరకు ఈ నీరే. పైగా ఇన్సులిన్ తగ్గడంతో కిడ్నీలు ఉప్పులో ఉండే సోడియాన్ని మామూలు కంటే ఎక్కువగా మూత్రంలోకి వదిలేస్తాయి.

మన తిండి సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మనకు ఉప్పు వచ్చేది ప్రధానంగా అన్నంలో కలుపుకునేవాటితోనే: పప్పు, చారు, ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, చివర్న ఉప్పేసుకున్న మజ్జిగన్నం. అన్నం తీసేస్తే ఇవన్నీ పళ్లెంలోంచి వెళ్లిపోతాయి. ఆవకాయను ఉడికించిన గుడ్డుతో ఎంతమంది నంజుకుంటారు? అంటే శరీరం ఉప్పును ఎక్కువగా వదిలేస్తున్న వారంలోనే మనం తక్కువగా తింటాం. దానికి తోడు "రోజుకు నాలుగు లీటర్లు తాగాలి" అని విని వట్టి నీళ్లు తాగుతూ ఉంటే ఉన్న సోడియం కాస్తా ఇంకా పలచబడుతుంది. నీళ్లు తాగేకొద్దీ నీరసం పెరుగుతోందంటే కారణం ఇదే కావచ్చు.

పరిష్కారం సులువు. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలు లేనివారు మామూలు వంటలో వేసే ఉప్పు తగ్గించకుండా, మొదటి రెండు వారాలు రోజు మొత్తం మీద మరో అర టీ చెంచా ఉప్పును విడతలుగా తీసుకోవచ్చు. పలుచని మజ్జిగలో ఉప్పు, కరివేపాకు, అల్లం వేసుకోండి. మాంసాహారులకు మటన్ ఎముకల సూప్ ఉంది. పలుచని మిరియాల చారును అన్నం లేకుండా గ్లాసులో పోసుకుని తాగవచ్చు. కళ్లు తిరిగినప్పుడు గ్లాసుడు ఉప్పు మజ్జిగ తాగి అరగంట కూర్చోండి. తేరుకుంటే కారణం దొరికినట్టే.

కొబ్బరినీళ్లు ఈ పనికి రావు. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, చక్కెర కూడా ఉంటుంది. లీటరు నీళ్లలో కలిపే ప్రామాణిక ఓఆర్ఎస్ పొడిలో గ్లూకోజ్ 13.5 గ్రాములే కాబట్టి ఎండలో బాగా చెమట పట్టిన రోజు అది నిరభ్యంతరంగా వాడవచ్చు.

బీపీ మందు వాడేవారు మాత్రం ఉప్పు పెంచకూడదు. ఈ డైట్‌లో బీపీ దానంతటదే తగ్గవచ్చు, ముఖ్యంగా నీళ్లు పోయే మాత్రలు కూడా వాడుతుంటే. ఇంట్లో మిషన్ ఉంటే కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి చూసి ఆ అంకెలు డాక్టర్‌కు చెప్పండి. తగ్గించాల్సింది మందు కావచ్చు. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందులు వాడేవారు "లో సోడియం" ఉప్పు అడక్కుండా వాడవద్దు, అందులో పొటాషియం ఉంటుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నదీ ముఖ్యమే. మే నెల ఎండల్లో, రోజంతా బయట తిరిగే ఉద్యోగం ఉన్నవాళ్లు ఈ డైట్ మొదలుపెట్టకుండా వానలు పడేదాకా ఆగడం మంచిదని నా అభిప్రాయం.

మధ్యాహ్నం మూడింటికల్లా ఆకలి, చిరాకు, నీరసం

ఇది తిండి చాలకపోవడం. అన్నం తీసేసి, ఆ చోట కీరదోస ముక్కలు పెట్టుకుంటే శరీరం దేనితో నడవాలి? నూనె, నెయ్యి అంటే ఏళ్ల తరబడి భయపెట్టారు కాబట్టి ఆ భయం వెంటనే పోదు. కానీ పిండిపదార్థం, కొవ్వు రెండూ ఒకేసారి తీసేస్తే అది ఉపవాసమే. మధ్యాహ్నం భోజనంలో రెండు మూడు గుడ్లో, చికెనో, చేపో, శాకాహారులైతే అరచేతి ముక్కంత పనీరో ఉండాలి. కూర సరిపడా నూనెలో వేయించాలి, కడుపు నిండా తినాలి. మొదటి రెండు వారాలు బరువు మెషీన్ వైపు చూడకండి.

రాత్రి పిక్కలు పట్టేయడం

ఉప్పు సరిచేశాక కూడా తగ్గకపోతే మెగ్నీషియం, పొటాషియం తక్కువై ఉండవచ్చు. గుమ్మడి గింజలు, బాదం, పాలకూర తినండి. మెగ్నీషియం మాత్రలు మాత్రం కిడ్నీల పనితీరు తెలియకుండా వేసుకోవద్దు.

తలనొప్పి ఒక్కటే, మిగతా అంతా బాగానే ఉంది

పంచదార మానాలని కాఫీ, టీ కూడా ఒకేసారి మానేశారా? కెఫీన్ ఆగిన మర్నాటి నుంచి తలనొప్పి రావడం మామూలే, వారం దాకా ఉండవచ్చు. పంచదార లేకుండా ఒక కప్పు తాగి చూడండి.

వాకింగ్‌లో, జిమ్‌లో మునుపటి ఊపు లేదు

కొవ్వును ఇంధనంగా వాడుకోవడానికి కండరాలు అలవాటు పడాలంటే మూడు, నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా నడక చాలు. పరుగు పందెం లాంటి వేగం కావాల్సిన ఆటల్లో ఆ తర్వాత కూడా కొంత లోటు ఉండవచ్చు.

వారంలో నాలుగు రోజులు మానేసి, మూడు రోజులు ఫంక్షన్ భోజనాలు తినేవారికి మాత్రం నీరసం ప్రతి సోమవారం కొత్తగా మొదలవుతుంది. అలాంటి జీవితం ఉన్నవారు పూర్తిగా మానే బదులు రోజూ కప్పు అన్నం తింటూ మిగతాది తగ్గించుకోవడం నయం.

మూడు వారాలు దాటినా తగ్గని నీరసం

ఇక డైట్‌ను తప్పుపట్టి కూర్చోవద్దు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ టీఎస్‌హెచ్, విటమిన్ బీ12, సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోండి. శాకాహారుల్లోనూ, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారిలోనూ బీ12 లోపం తరచుగా బయటపడుతుంది. స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం ఉంటే మూడు వారాలు కాదు, మూడు గంటలు కూడా ఆగకూడదు. 108కి ఫోన్ చేయండి.