రెసిన్ ఫైర్‌మన్ బస్టు: ఎక్కడ చెడింది, ఎందుకు చెడింది, ఎలా సరిచేయాలి

రెసిన్ బస్టులో, అంటే తల నుంచి ఛాతీ దాకా ఉండే బొమ్మలో, లోపం బయటపడే దశ ఒకటైతే, అది పుట్టే దశ సాధారణంగా అంతకు ముందుదై ఉంటుంది. రంగుకు ముందు వేసే అడుగుపూత, అంటే ప్రైమర్ ఊడితే ప్రైమర్‌ను, తల ఊడితే జిగురును తప్పుపట్టడం అలవాటే గాని, కారణం కోసం ఒకటి రెండు దశలు వెనక్కి వెళ్లి వెతకాలి. దీనికి తోడు తిరుపతిలో ఏప్రిల్, మే నెలల ఎండా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే చెమ్మా ఈ పనికి అడ్డుపడతాయి. ఇక్కడ చెప్పేది పాలియురెథేన్ రెసిన్‌తో పోతపోసిన 1/10 స్కేలు బస్టు గురించి.

ప్రైమర్ గోటితో గీరితే పొరలా లేస్తోంది

కారణం: పోత అచ్చు నుంచి సులువుగా వదలడానికి పూసే సిలికాన్ జిడ్డు ఇంకా పోలేదు. ఒక నీటిచుక్క వేసి చూడండి. అది పరుచుకోకుండా పూసలా నిలబడితే జిడ్డు ఉన్నట్టే.

పరిష్కారం: ఊడుతున్న ప్రైమర్‌ను పూర్తిగా తీసివేసి, గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పాత టూత్‌బ్రష్‌తో కోటు మడతలూ చెవుల వెనుక భాగమూ వదలకుండా రుద్ది, ఒక రోజంతా ఆరనివ్వాలి.

ప్రైమర్ ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది

మన దేశంలో అగ్నిమాపక వారోత్సవాలు ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలిన ప్రమాదంలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఆ వారానికి బొమ్మ సిద్ధం కావాలనుకునేవారు సరిగ్గా ఎండ ముదిరే రోజుల్లోనే స్ప్రే డబ్బా చేతపడతారు. మిట్టమధ్యాహ్నం మేడమీద కొడితే తుంపర బొమ్మను చేరకముందే గాలిలో ఆరి, పొడిలా వచ్చి అంటుకుంటుంది. 600 నంబరు వాటర్ పేపర్‌తో (నీటితో తడిపి రుద్దే గరుకు కాగితంతో) తడిగా, తేలికగా రుద్ది, తెల్లవారి ఎండ పొడవకముందే 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పలచగా మళ్లీ కొట్టాలి. ప్రైమర్ వేశాక బయటపడే సూదిమొన రంధ్రాలు మాత్రం పోతలోని గాలిబుడగలవి. వాటిని పుట్టీతో పూడ్చి రుద్దితే సరిపోతుంది.

హెల్మెట్ అంచు వంకర తిరిగింది

పలచని రెసిన్ పార్సిల్‌లో వేడికీ ఒత్తిడికీ వంగిపోతుంది. చెయ్యి పెట్టలేనంత వేడి నీటిలో ఒక నిమిషం ఉంచి, పటకారుతో తీసి, సరిచేసి, వెంటనే చన్నీటిలో ముంచితే ఆ ఆకారం నిలుస్తుంది. త్రీడీ ప్రింట్ రెసిన్‌కు ఈ చిట్కాను నమ్ముకోకూడదు. అది పెళుసుగా ఉండి విరిగే ప్రమాదం ఉంది.

మెడ కాలరులో కూర్చోవడం లేదు, కూర్చున్నా తల ఊడిపోతోంది

ఎక్కువ మంది ఇబ్బంది పడేది ఇక్కడే. సందు కనిపించగానే కిట్ నాసిరకమని అనుకుంటాం గాని, తరచుగా మెడ అడుగున, రెసిన్ పోసినచోట మిగిలిన మొద్దును సరిగా అరగదీయకపోవడమే కారణం. గాజుపలక మీద వాటర్ పేపర్ పరిచి, నీళ్లు చల్లుతూ, మెడను నిలువుగా పట్టుకొని గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. రెసిన్ పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది గనుక పొడిగా రుద్దకూడదు, మాస్కు మానకూడదు. అప్పటికీ మిగిలే సందును ఎం-సీల్‌తో నింపి, తడివేలితో నునుపు చేయాలి.

ఇక ఊడిపోయే విషయం. ఫెవిక్విక్ వంటి జిగురు గట్టిగానే పట్టుకుంటుంది గాని, పక్క నుంచి తగిలే దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. హెల్మెట్‌తో కలిపి తల బరువంతా మెడ మీదే ఉంటుంది కదా. నా మొదటి బస్టు తల అల్మారా తలుపు కొంచెం గట్టిగా వేసినందుకే దొర్లిపోయింది. లోపల ఇత్తడి తీగ ఉండాలి. మెడ అడుగున ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం చేసి, దాని అంచున తడిపిన కుంకుమ చుక్క పెట్టి, తలను కావలసిన వంపులో మొండెం మీద ఒకసారి అదిమి తీస్తే రెండో రంధ్రం ఎక్కడ చేయాలో ఎర్రగా అచ్చుపడుతుంది. కుంకుమ తుడిచి, తీగ దించి, అరాల్డైట్ వంటి ఎపాక్సీ జిగురు పెట్టి 24 గంటలు కదపకుండా ఉంచాలి.

ఫేస్ షీల్డు మీద పాలపొగ, వార్నిష్ మీద తెల్లపొర

రెండూ వానాకాలపు చిక్కులే, అయితే కారణాలు వేరు. షీల్డు మీది పొగ ఫెవిక్విక్ ఆవిరి గాలిలోని చెమ్మతో కలిసి పేరుకున్నది. పారదర్శక భాగాలను ఆరాక కనిపించకుండా పోయే ఫెవికాల్‌తోనే అతికించాలి. మ్యాట్ వార్నిష్ తెల్లబారితే, ముసురు వదిలి గాలి పొడిబారిన రోజున పలచగా మెరిసే (గ్లాసీ) వార్నిష్ పూత వేసి చూడండి, చాలాసార్లు అడుగు రంగు మళ్లీ తేలుతుంది.

అన్నీ కుదిరినా ఫైర్‌మన్‌లా అనిపించడం లేదు

ఇది అతుకుల లోపం కాదు, బొమ్మను కొనేటప్పుడే పరీక్షించవలసినది. మనిషి తల గడ్డం నుంచి నడినెత్తి దాకా సుమారు 22 సెంటీమీటర్లు ఉంటుంది గనుక 1/10 బస్టులో అది 22 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అంతకంటే కాస్త తక్కువై, కనురెప్పల అంచులూ కోటు కుట్లూ మొద్దుబారి ఉంటే, అసలు బొమ్మ నుంచి మళ్లీ అచ్చు తీసిన నకలు కావచ్చునని అనుమానించాలి. రెసిన్ గట్టిపడేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది.

తరువాత దుస్తుల పొందిక చూడాలి. పాత లండన్ ఇత్తడి హెల్మెట్ పెట్టిన మనిషికి నేటి గాలి సిలిండరు మాస్కు వంటిది తగిలిస్తే రెండు కాలాలు ఒకే మెడ మీద ఎక్కినట్టవుతుంది. అమెరికా హెల్మెట్‌కు వెనుక అంచు పొడుగ్గా ఉండాలి, నీళ్లు మెడలోకి కారకుండా ఉండటానికే ఆ ఆకారం. అక్కడి ఫైర్‌మన్ మాస్కు తగిలించుకున్నాక దాని పట్టీలను కప్పుతూ, తలనూ మెడనూ కప్పే గుడ్డ టోపీని పైకి లాగుతాడు, ఆపైన హెల్మెట్. పట్టీలు టోపీ మీద చెక్కి ఉంటే శిల్పి చూసి చెక్కలేదన్నమాట.

శిల్పం మంచిదై, బొమ్మ మాత్రం బొమ్మలాగే ఉండిపోతే, కోటు మీది మెరిసే పట్టీలను చూడండి. వాటి మధ్య వెండి చారను తెల్లగా వేసి ఉంటారు. ఆ పట్టీ తన మీద పడిన వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది కాబట్టి, పగటి వెలుగులో పక్క నుంచి చూసేవారికి అది బూడిద రంగులోనే కనిపిస్తుంది. తెల్లచార మీద లేత బూడిద రంగు పలచగా పూసి, అంచుల్లోని నిమ్మపసుపును ముట్టుకోకుండా వదిలేయండి.